మైపాడు ఇసుకలో రెండుసార్లు చచ్చాను

శవం వేషం ఇచ్చారని మొహం మాడ్చుకునే పిలకాయలకు ముందుగా ఒక మాట చెప్పాలి. మాట్లాడే వేషం ఎవడైనా వేస్తాడు. మాట తప్పితే ఇంకోసారి చెప్పొచ్చు. గొంతు బాగాలేకపోతే డబ్బింగులో ఇంకొకడి గొంతు పెట్టుకోవచ్చు. శవానికి ఆ వెసులుబాటు లేదు. ముక్కు మీద ఈగ వాలినా, వీపు కింద గవ్వ గుచ్చుకున్నా పడి ఉండాల్సిందే. చుట్టూ పదిమంది గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, వాళ్ళలో ఒకరి చెమటచుక్క వచ్చి నీ కనురెప్ప మీద పడితే, ఆ రెప్ప కదలకూడదు. ముప్పై ఏళ్ళు ఆ పని చేశాను. బాగా చేశాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నాకు శవం వేషాలే ఎందుకు వచ్చాయంటే, నాకు చదువు రాదు. వెంకటాచలం పక్క పల్లెలో గొర్రెల వెంట తిరిగినవాణ్ణి. మీసాలు వచ్చీరాకముందే మద్రాసు రైలెక్కి స్టూడియోల గేట్ల ముందు నిలబడ్డాను. మనిషి బాగున్నాడని లోపలికి పిలిచి చేతిలో డైలాగు కాగితం పెట్టేవాళ్ళు. చదవమంటే కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయానని చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళవాడికి కళ్ళద్దాలేమిట్రా అని ఒక అసిస్టెంటు అందరి ముందూ నవ్వాడు. ఒకరోజు శవంగా పడుకోవాల్సినవాడు రాలేదు. నన్ను పడుకోబెట్టారు. దానికి కాగితం లేదు. అక్కడే కుదురుకున్నాను. అక్షరాలు మాత్రం యాభై ఎనిమిదో ఏట, మా ఇంటిది క్యాలెండరు కాగితాల వెనక రాసి చూపిస్తే నేర్చుకున్నాను. ఇది రాస్తున్నది నేనే. తప్పులుంటే ఆమెను అడగండి.

సినిమావాళ్ళలో ఒక ఆచారం ఉంది. శవంగా పడుకున్నవాడు షాటు అయిపోగానే లేచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ నవ్వునూ తీస్తారు. సినిమాలో పెట్టడానికి కాదు, చావు అబద్ధమైపోయిందని గుర్తు కోసం. నవ్వకుండా లేస్తే అది నిజమై కూర్చుంటుందని భయం. పెద్ద పెద్ద హీరోలు కూడా నవ్వే లేస్తారు. నేను ఆ నవ్వు విషయంలో పిసినారితనం చూపించేవాణ్ణి కాను. పళ్ళన్నీ కనపడేట్టు, దూరంగా గంటె తిప్పే వంటవాళ్ళకు కూడా వినపడేట్టు నవ్వేవాణ్ణి. ఒకసారి పాడె మీద నుంచి దిగి, మరిచిపోయి టీకి పోయాను. ఆ మాట ఇంట్లో చెప్పిన మర్నాడే మా ఇంటిది నన్ను మళ్ళీ మద్రాసు బస్సెక్కించింది. ఖాళీ సెట్టులో వాచ్‌మన్ ముందు నిలబడి నవ్వి వచ్చాను.

పని మానేసి నెల్లూరులో కూర్చున్నాక, కోవూరు నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. వరి పండించే ఇంటి పిల్ల. ఎక్కడో సినిమా తీయడం చదువుకుని, స్నేహితులతో కలిసి సొంతంగా ఒక సినిమా తీస్తోంది. కంపెనీ లేదు, హీరో లేడు. సముద్రానికి పోయిన ఒక ముసలి జాలరి శవమై ఒడ్డుకు కొట్టుకొస్తాడు. ఆ తర్వాత అతని భార్య ఎలా బతికింది అనేది కథ.

"ఒక్కరోజు పని తాతా. మీరు బాగా చస్తారని చెప్పినారు" అంది.

ముప్పై ఏళ్ళలో నా పనిని అంత సూటిగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఒప్పుకున్నాను.

మైపాడు దాటి సముద్రపొడ్డు వెంట కొంచెం పైకి పోతే ఒక చిన్న జాలర్ల పల్లె ఉంది. అక్కడ షూటింగు. మొత్తం తొమ్మిదిమంది, ఒక కెమెరా, వెలుగు మళ్ళించడానికి రెండు థర్మాకోల్ అట్టలు. అంతే. లైటంటే సూర్యుడే. నేను పోయేసరికి వాళ్ళు నెత్తిన గుడ్డేసుకుని కూర్చుని ఉన్నారు. భార్య వేషానికి హైదరాబాదు నుంచి తెచ్చుకున్నామె మూడు రోజులకే ఎండకు ఒళ్ళంతా పేలి, దండం పెట్టి వెళ్ళిపోయిందట.

వాళ్ళకు అన్నం వండి తెచ్చే ఆమె ఆ పల్లె మనిషే. యాభై దాటి ఉంటాయి. ఎండుచేపలు అమ్ముకుని బతికేది. నుదుట రూపాయంత బొట్టు, చేతులకు ఎర్ర గాజులు, పెద్ద నోరు. కెమెరా పిల్లవాడు అన్నం వదిలేస్తే వాడి అమ్మ దాకా పోయి తిట్టేది. నేను రెండోసారి పులుసు పోయించుకుంటుంటే గంటె ఆపి, "ఏందన్నా, చచ్చేవాడికి ఇన్ని ముద్దలా?" అంది. ఉత్త కడుపుతో పడుకుంటే కడుపు అరుస్తుందనీ, శవం కడుపు అరవకూడదనీ చెప్పాను. అయితే బాగా తిని చావమని ఇంకో ముక్క వేసింది.

డైరెక్టరు అమ్మాయి ఆమెనే చూస్తూ ఉంది. చేతులు కడుక్కుని వచ్చి, మీరు వేస్తారా అక్కా అని అడిగింది. ఏం చేయాలని ఆమె అడిగింది. మొగుడి శవం దగ్గర కూర్చుని ఏడవాలని చెప్పింది అమ్మాయి. ఆమె గిన్నె అంచును కొంగుతో తుడిచింది. తర్వాత, "ఎప్పుడు?" అంది. అంతే. భలే ధైర్యం గల మనిషి అనుకున్నాం. ఆమె ఇంటి సంగతి ఎవరమూ అడగలేదు. బొట్టూ గాజులూ కనపడుతుంటే అడిగేదేముంది?

మర్నాడు పొద్దున నా మొహానికి బియ్యప్పిండీ బూడిదా కలిపి పూశారు. సముద్రపు నీళ్ళు నెత్తిన గుమ్మరించారు. జుట్టులో నాచు పెట్టారు. వలలు బాగుచేసుకునే మగవాళ్ళు చూడడానికి వచ్చి, "పెద్దాయనా, ఈ పూటకు ఎన్నిసార్లు చస్తావు?" అని అడిగారు. అది డైరెక్టరమ్మ ఇష్టమన్నాను.

శవం పనిలో కిటుకు ఊపిరి దగ్గర ఉంటుంది. ఊపిరి బిగబట్టకూడదు. బిగబడితే ఎక్కడో ఒకచోట తన్నుకొస్తుంది. పొట్ట అడుగున, దారం లాగినట్టు సన్నగా తీసుకోవాలి. కళ్ళు గట్టిగా మూయకూడదు. రెప్పల కింద నీ కాళ్ళ వైపు చూస్తున్నట్టు ఉంచుకోవాలి. అలా పడుకున్నాను. యాక్షన్ అన్నారు.

ఆమె వచ్చి కూర్చుంది. అమ్మాయి నేర్పిన రెండు మాటలు చెప్పింది. తర్వాత నా ఛాతీ మీద చెయ్యి వేసింది. అప్పుడు మొదలైంది ఏడుపు.

నా మీద పడి ఏడ్చినవాళ్ళు ఎందరో. గ్లిజరిన్ ఏడుపును చెవి కనిపెడుతుంది. గొంతులో ఉంటుంది, కడుపులో ఉండదు. ఈమెది కడుపులో బయలుదేరి గొంతు దాకా వచ్చి అడ్డం పడుతోంది. మళ్ళీ కిందికి పోయి మళ్ళీ వస్తోంది. ఈమె పుట్టుకతో నటి, మద్రాసులో పుట్టి ఉంటే ఎక్కడుండేదో అనుకున్నాను. కొంచెం కుళ్ళుకున్నాను కూడా. అంత మూర్ఖుణ్ణి.

కట్ అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను అలవాటు ప్రకారం ఒక్క ఉదుటున లేచి కూర్చుని, కెమెరా వైపు తిరిగి నవ్వాను. నా మామూలు నవ్వే. ఒడ్డున ఉన్న కాకులు లేచాయి.

ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, నా ఛాతీ ఉండిన చోట. నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. దీపం వెలిగించినట్టు మొహమంతా వెలిగింది. అంతలోనే ఆరిపోయింది. లేచి చీర కుచ్చిళ్ళకు అంటిన ఇసుక దులుపుకుని పల్లెలోకి నడిచింది. ఆ మధ్యాహ్నం అన్నం రాలేదు.

మర్నాడు ఆమె రాలేదు. సినిమాలో సగం ఆమె మీదే ఉంది. డైరెక్టరు అమ్మాయి థర్మాకోల్ అట్ట మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. చివరికి వల కుట్టే ముసలాయన ఒకడు, మమ్మల్ని చూడలేక నోరు విప్పాడు. ఆమె మొగుడు పన్నెండేళ్ళ కింద సముద్రానికి పోయినవాడు మళ్ళీ రాలేదు. మనిషీ దొరకలేదు, గుడ్డా దొరకలేదు. అతని తల్లి, నా కొడుకు ఎక్కడో ఒక ఒడ్డున ఉన్నాడు, వస్తాడు అని పట్టుపట్టింది. కర్మ చేయనీయలేదు, కోడలి బొట్టు జోలికి ఎవరినీ పోనీయలేదు. కోడలు ఏడిస్తే, నా కొడుక్కి కీడు కోరుతున్నావా అని మీదికి వచ్చేది. ఆ ముసలామె పోయిన ఏడు పోయింది. ఇప్పుడు ఆ సంగతి ఎత్తే మనిషి లేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది అమ్మాయి.

"మీరు అడగలా కదమ్మా" అన్నాడు ముసలాయన, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.

నేనొక్కదాన్నే పోయి మాట్లాడతానని అమ్మాయి లేచింది. నవ్వింది నేను కాబట్టి నేనూ వెంట నడిచాను.

ఆమె ఇంటి ముందు పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబోసి ఉంది. మమ్మల్ని చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వంగి చేపలు తిరగేస్తూనే ఉంది. తెలియక నవ్వినానమ్మా, తప్పైపోయింది అన్నాను.

"అది మీ ఆచారమంట కదా. నీ ప్రాణానికి నువ్వు నవ్వుకుంటే తప్పేముంది?" అంది. ఇంకో రెండు గుప్పెళ్ళు తిరగేసింది. "నవ్వినందుకు కాదన్నా. లేచినందుకు."

ఆమె చేపల్లో ఇంకో వరసకు జరిగింది.

"వచ్చినాడనుకున్నా" అంది. "రోజూ అనుకుంటానే ఉంటా, అది అలవాటైపోయింది. నిన్న మాత్రం నా చేతి కిందనే లేచినావు."

అమ్మాయి ఏడుపు మొహంతో, మీరు రానక్కర్లేదు అక్కా, నేను కథ మార్చుకుంటాను, ఆ షాటు కూడా తీసేస్తాను అంది. ఆమె నడుం నిమురుకుంటూ నిలబడి, ఆ పిల్లను ఎగాదిగా చూసింది.

"కథ మార్చబాక. నేనొస్తా. ఆ ముక్క మాత్రం ఇంకోసారి పెట్టుకుందాం."

"నిన్న చాలా బాగా వచ్చిందక్కా."

"మీకొచ్చిందిలే. నాకు రాలా. నిన్న మీరు చెప్పమన్నది చెప్పినా. నేను చెప్పాల్సింది ఉండిపోయింది." తర్వాత నా వైపు తిరిగింది. "ఈసారి లేవబాకన్నా. నేను పొయ్యేదాకా లేవబాక. నవ్వబాక."

సరేనన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో తెలియదు. మేం నాలుగడుగులు వేశాక ఆమె వెనక నుంచి, షూటింగు అనే చెప్పండి, ఊరికే అంటే పల్లెలో ఏమనుకుంటారు అని హెచ్చరించింది.

దారిలో నాకు భయం పట్టుకుంది. దాచేదేముంది? ముప్పై ఏళ్ళు చావును నవ్వి సాగనంపినవాణ్ణి. ఒక్కసారి నవ్వకుండా ఎలా లేవడం? ఆమె పోయాక చాటుగా నవ్వేస్తే సరిపోదా అని ఒక దొంగ ఆలోచన వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. ఆమె వెనక నవ్వే నవ్వు వెక్కిరింతే అవుతుంది. మా ఇంటిదానికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ఆమె చెప్పినట్టు చెయ్యి" అంది. "మన సంగతి మనం తర్వాత చూసుకుందాం." అది జరిగి ఐదేళ్ళు దాటింది. ఇదిగో, కూర్చుని రాస్తున్నాను.

సాయంత్రపు ఎండ మొదలయ్యే వేళకు మళ్ళీ పిండి పూశారు, మళ్ళీ నీళ్ళు గుమ్మరించారు. ఆ ఎండ ఇంకో సీను కోసం అమ్మాయి నాలుగు రోజులుగా దాచుకున్నది. దాని ఊసు ఎత్తలేదు. అన్నీ నిన్నటిలాగే పెట్టించింది. కెమెరా స్టాండు మీద నిలబడింది. అట్టలు పట్టుకునేవాళ్ళు అట్టలు పట్టుకున్నారు. అప్పుడు అమ్మాయి పోయి కెమెరా కంటికి మూత బిగించింది. కెమెరా పిల్లవాడు ఒక మాట అడగలేదు. మూత పెట్టిన కెమెరాకే కన్ను ఆనించి, వంగి నిలబడ్డాడు. మీలో ఎవరైనా ఆ సినిమా చూసి ఉంటే, అందులో ఉన్నది మొదటి రోజు షాటు. రెండోది ఎక్కడా లేదు.

క్లాప్ కొట్టారు. అమ్మాయి తన మామూలు గొంతుతో యాక్షన్ అంది.

ఆమె అడుగులు వినపడ్డాయి. తల దగ్గర కాదు, పక్కన కూర్చుంది. ఏడవలేదు. సముద్రం హోరు వినపడుతోంది. నేను దారం లాగినట్టు ఊపిరి తీసుకుంటున్నాను.

"ఏమయ్యా" అంది. "పులుపెక్కువైందన్నావు గదా ఆ పొద్దు."

ఇంట్లో ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే ఉంది గొంతు.

"ఎక్కువే. నువ్వు పోయినాక నేను తిన్నా. నోట్లో పెట్టుకోలేకపోయినా. తింటే తిను, లేకపోతే పో అన్నా. తినకుండానే పోయినావు. వచ్చినాక ఒప్పుకుందాంలే అనుకున్నా. ఒప్పుకునేదానికి నువ్వు రాలా."

ఇసుక మీద నా వేళ్ళు కదలబోయాయి. కదలనీయలేదు. ముప్పై ఏళ్ళ పని అక్కడ అక్కరకు వచ్చింది.

తర్వాత ఇంటి సంగతులు చెప్పింది. కూతురికి ఇద్దరు పిలకాయలనీ, చిన్నోడికి అతని ముక్కే వచ్చిందనీ చెప్పింది. పడవ అమ్మలేదనీ, అది ఒడ్డునే పుచ్చిపోయిందనీ చెప్పింది. "మీ అమ్మ వచ్చిందా ఆడికి?" అని అడిగింది. "నేను బాగానే చూసుకున్నా. ఆమెనే అడుగు, చెప్తాది." మొగుడితో కొంచెం దెబ్బలాట కూడా పెట్టుకుంది. గాలి తేడాగా ఉందని పక్కింటివాళ్ళు పోకపోతే నీకెందుకయ్యా అంత పౌరుషం అంది.

నా లుంగీ మోకాళ్ళ పైకి పోయి ఉంది. దాన్ని కిందికి లాగి, తడి గుడ్డ అంటుకోకుండా రెండువైపులా సర్దింది. కొంగుతో నా నుదుటి మీది ఇసుక తుడిచింది. పిండి కూడా పోయి ఉంటుంది.

"ఇంగ పో" అంది.

లేచిన చప్పుడు. అడుగులు. ఇసుకలో నాలుగైదు అడుగులు వినపడతాయి, తర్వాత సముద్రం మింగేస్తుంది.

కట్ అనేవాళ్ళు లేరు. నేను పడుకునే ఉన్నాను. అల వచ్చి పాదాలు తడిపి పోయింది. ఇంకొకటి మోకాళ్ళ దాకా వచ్చింది. చిన్న పీత ఒకటి చెయ్యెక్కి, అటూ ఇటూ చూసుకుని దిగిపోయింది. ఆమె ఎంత దూరం పోయిందో నాకు తెలియదు. చావుకు పోయినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. చూస్తే పోయినవాడు వెంట వస్తాడంటారు. ఈమె పన్నెండేళ్ళుగా వెనక్కి చూస్తూనే బతికింది. ఇప్పుడు ఏ గట్టు మీదో ఆగి తిరిగి చూస్తుందేమో, అప్పుడు నేను రెప్ప ఎత్తితే మళ్ళీ మొదటికి వస్తుందేమో అని ఒకటే గుబులు. అల నడుం దాకా వచ్చింది. తర్వాతి అలకు చెవిలోకి నీళ్ళు పోయాయి. కదలలేదు.

అలా ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. పక్కన ఎవరో కూర్చున్నారు. డైరెక్టరు అమ్మాయి. అల వచ్చి ఆ పిల్ల బట్టలు కూడా తడిసిన చప్పుడు విన్నాను.

పెదవులు కదలకుండా మాట్లాడడం కూడా శవాలకు వచ్చే విద్యే. "పోయిందా?" అని అడిగాను.

"పోయింది తాతా. ఇంట్లోకి పోయి తలుపేసుకుంది."

"వెనక్కి చూసిందా?"

"లేదు. ఒక్కసారి కూడా చూడలేదు."

అప్పుడు లేచాను.